కాలి వాపు - శోషరస మార్గపు చిత్రం

గోదావరి డెల్టాలో పొలానికి నీరు తెచ్చే కాలువ ఒకటి, మిగులు నీటిని తీసుకుపోయే మురుగు కాలువ మరొకటి. రెండవది పూడితే చేను మునుగుతుంది. శరీరంలోనూ ఇటువంటి ఏర్పాటే ఉన్నది. రక్తనాళాల నుండి కణజాలంలోకి ఊరిన ద్రవంలో మిగిలిన దానిని, అందులోని మాంసకృత్తులతో సహా, శోషరస నాళాలు సేకరించి, మెడ మొదట్లోని సిరల ద్వారా తిరిగి రక్తంలో చేరుస్తాయి. గజ్జలలో, చంకలలో ఉన్న శోషరస గ్రంథులు దారిలో కాపలాదారులు. కాలికి పుండు పడితే గజ్జలో బిళ్ళ కట్టడానికి కారణం ఇవే.

ఈ దారి చెడితే కాలో, చెయ్యో వాస్తుంది. కోస్తా జిల్లాల నుండి అమెరికాలోని బిడ్డల వద్దకు వచ్చిన తల్లికి కాలు వాచి ఉంటే, బోదకాలేనని నిశ్చయించుకొని, సిగ్గుతో చీర కుచ్చెళ్ళ చాటున దాచడం కద్దు. కాని గుండె, మూత్రపిండాల వ్యాధులలోనూ వాపు వస్తుంది; అప్పుడది సాధారణంగా రెండు కాళ్ళకూ ఉంటుంది. సిరలో రక్తం గడ్డకట్టినా కాలు వాస్తుంది. హఠాత్తుగా ఒక కాలు వాచి నొప్పి పెడితే ఆ రోజే వైద్యుని చూడాలి.

ఇవేవీ కావని తేలినపుడు శోషరస మార్గాన్ని చూడవలసి వస్తుంది. 1950వ దశకంలో ఇంగ్లండులో జాన్ కిన్మంత్ అనే శస్త్రవైద్యుడు పాదంపై కోత పెట్టి, దారపు పోగువంటి నాళంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. అది వైద్యునికీ, రోగికీ కష్టమైన పని. అణువైద్యం దీనిని సులభం చేసింది. టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థాన్ని అతిసూక్ష్మ కణాలకు జోడించి, కాలివేళ్ళ సందున చర్మంలోకి సన్నని సూదితో ఎక్కిస్తారు. ఆ కణాలు రక్తకేశనాళికలలో దూరలేవు. శోషరస నాళాలే వాటిని గ్రహిస్తాయి. రెండు కాళ్ళకూ సూది వేయడం పోల్చి చూచేందుకే. పిదప రోగిని కొంత నడిపించి, గామా కెమెరా క్రింద పడుకోబెట్టి విడతలుగా చిత్రాలు తీస్తారు. ఈ పదార్థపు అర్ధాయుష్షు 6 గంటలు మాత్రమే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి.

ఆరోగ్యవంతుల కాలిలో సాధారణంగా గంటలోపే గజ్జలోని గ్రంథులు చుక్కలుగా కనిపిస్తాయి. దారి చెడితే అవి ఆలస్యంగా కనిపిస్తాయి, లేదా కనిపించనే కనిపించవు. కొందరిలో పదార్థం వెనుకకు తన్ని, బట్టపై సిరా మరకవలె చర్మంలో వ్యాపిస్తుంది.

అయితే ఈ చిత్రం ఆటంకాన్ని చూపుతుందే గాని కారణాన్ని చెప్పదు. రొమ్ము క్యాన్సరుకై చంకలోని గ్రంథులు తీసివేసిన స్త్రీ చేతిలోనూ ఇటువంటి చిత్రమే రావచ్చు. ఫైలేరియా సంగతి రక్తపరీక్ష చెప్పాలి. విదేశీ వైద్యులు ఆ వ్యాధిని అరుదుగా చూస్తారు కనుక, రోగి ఏ ప్రాంతంలో పెరిగినదీ బంధువులే వారికి చెప్పాలి.

ఒక్కొక్కప్పుడు వాపు లేని రెండవ కాలిలో కూడా ప్రవాహం మందగించినట్లు బయటపడుతుంది. అటువంటి వారు ఆ కాలిని సైతం నిత్యం సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తుడిచి, పగుళ్ళు పడకుండా కాపాడుకోవాలి. పగుళ్ళలో సోకే క్రిములే నాళాలను ఇంకా చెరుస్తాయి.