ఎక్సెల్‌లో లక్షలు, కోట్ల కామాలు పెట్టడం ఎలా?

ఎక్సెల్‌లో 12345678 అని కొట్టి కామా బటన్ నొక్కితే చాలా కంప్యూటర్లలో 12,345,678.00 అని వస్తుంది. అది మిలియన్ల లెక్క. అందులో కోటి ఎక్కడుందో, లక్షలెన్నో తెలియాలంటే కుడివైపు నుంచి ఒకట్లు, పదులు, వందలు అనుకుంటూ రావాల్సిందే. మనకు కావాల్సింది 1,23,45,678. దీనికి ఫార్ములా అక్కర్లేదు, ఒక్క ఫార్మాట్ కోడ్ చాలు.

1. ముందు అవి అంకెలేనా అని చూడండి. వేరేచోట నుంచి కాపీ చేసిన అంకెలు ఒక్కోసారి టెక్స్ట్‌గా వచ్చిపడతాయి. అలాంటివి గడిలో ఎడమవైపుకు ఉంటాయి, మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కనిపిస్తుంది. వాటి మీద ఏ ఫార్మాటూ పనిచేయదు. పక్కనొచ్చే హెచ్చరిక గుర్తు నొక్కి ‘కన్వర్ట్ టు నంబర్’ ఎంచుకోండి.

2. గడులు సెలెక్ట్ చేసి కంట్రోల్, 1 కలిపి నొక్కండి. నంబర్ ట్యాబ్‌లో ‘కస్టమ్’ ఎంచుకుంటే ‘టైప్’ అనే పెట్టె కనిపిస్తుంది. గూగుల్ షీట్స్‌లో అయితే ఫార్మాట్ మెనూలో నంబర్, అందులో కస్టమ్ నంబర్ ఫార్మాట్.

3. గుర్తుల పని తెలుసుకోండి.
• 0 : ఆ స్థానంలో అంకె లేకపోయినా సున్నా చూపిస్తుంది. 000 అని పెడితే 7 కాస్తా 007 అవుతుంది.
• # : అంకె ఉంటేనే చూపిస్తుంది.
• \ : తర్వాతి గుర్తును ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ఇది లేకపోతే ఎక్సెల్ కామాను వేల కామాగానే తీసుకుంటుంది.
• ; : ఒక నియమాన్ని ఇంకో నియమం నుంచి విడదీస్తుంది.

4. పెట్టెలో ఇది రాసి ఓకే నొక్కండి:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

కోటి, అంతకు మించితే మొదటి భాగం, లక్ష, అంతకు మించితే రెండోది, మిగతావాటికి మూడోది వర్తిస్తాయి. మూడు భాగాలెందుకంటారా? బ్రాకెట్‌లోని షరతు తీసేసి మొదటిదొక్కటే పెట్టి చూడండి. 5000 కాస్తా ,,5,000 అని ముందు రెండు ఒంటరి కామాలతో వస్తుంది. పైసలు కూడా కావాలంటే మూడు భాగాల చివరా .00 చేర్చండి.

5. 500, 5000, 250000, 12345678 కొట్టి పరీక్షించండి. 500, 5,000, 2,50,000, 1,23,45,678 అని రావాలి.

రెండు జాగ్రత్తలు. ఈ కోడ్ మైనస్ అంకెలకు సరిపోదు. లక్షల్లో నష్టం ఉంటే అది మూడో భాగంలో పడి మళ్లీ మిలియన్ల పద్ధతిలోనే కనిపిస్తుంది. అలాంటి లెక్కలుంటే విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్, అడిషనల్ సెట్టింగ్స్‌కు వెళ్లి ‘డిజిట్ గ్రూపింగ్’లో 12,34,56,789 ఎంచుకోండి. అప్పుడు మామూలు కామా ఫార్మాటే లక్షల్లో చూపిస్తుంది.

రెండోది, ఫార్మాట్ మార్చేది కంటికి కనిపించేదాన్నే. లోపలి విలువ అలాగే ఉంటుంది. పైసలు దాచిపెట్టి 10.40, 10.40 కూడితే తెరమీద 10, 10 కలిసి 21 అని వస్తుంది! నిజంగా రూపాయికి సవరించాలంటే రౌండ్ ఫంక్షన్ వాడాలి.

విండోస్ సెట్టింగ్ మీ కంప్యూటర్‌కే పరిమితం, కోడ్ మాత్రం ఫైలుతోపాటే వెళ్తుంది. కాబట్టి ఇతరులకు పంపే ఫైలైతే కోడే వాడండి.