పేరు మారితే ప్రోగ్రాము ఏమవుతుంది?
(హైబర్నేట్ 5 నుంచి 6కు మారే పద్ధతి)



మోర్తాడ్ రోడ్డు మీద పోయే బండ్ల నంబర్లు గమనించండి. తెలంగాణ రాక ముందు మన నిజామాబాద్ జిల్లాలో రిజిస్టరైన బండికి ఏపీ 25 ఉండేది. 2014లో రాష్ట్రం వచ్చాక టీఎస్ 16 అయింది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ 16 ఇస్తున్నారు. అయినా పాత నంబరున్న బండి ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

కంప్యూటరు ప్రోగ్రాములో పేరు మారితే మాత్రం ఇంత సులువుగా పోదు. పాత పేరు ఒక్కచోట మిగిలినా పని ఆగిపోవచ్చు. డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే మన హాస్టల్ విద్యార్థులకు ఉద్యోగంలో చేరగానే అప్పగించే పనుల్లో ఇలా పాత ప్రోగ్రామును కొత్త వెర్షనుకు మార్చే పని ఒకటి. అందుకే ఈ పాఠం.

హైబర్నేట్ అంటే ఏమిటి?

మన హాస్టల్ ప్రవేశ రిజిస్టరును తీసుకుందాం. అందులో గళ్లుంటాయి: వరుస సంఖ్య, పేరు, ఊరు, తరగతి. డేటాబేస్‌లోని పట్టిక కూడా ఇలాంటిదే. జావా ప్రోగ్రాములో మాత్రం గళ్లుండవు. ‘విద్యార్థి’ అనే ఒక ఆబ్జెక్టు ఉంటుంది. పట్టికలోని వరుసను ఆబ్జెక్టుగా, ఆబ్జెక్టును వరుసగా మార్చి అందించే గుమస్తా లాంటిదే హైబర్నేట్. ఈ గుమస్తా లేకపోతే ప్రతి పనికీ మనమే ఎస్‌క్యూఎల్ వాక్యాలు రాసుకోవాలి.

గావిన్ కింగ్ 2001లో దీన్ని మొదలుపెట్టారు. ఇది ఓపెన్ సోర్స్. అంటే దీని కోడును ఎవరైనా పైసా కట్టకుండా తెరిచి చదవవచ్చు, వాడుకోవచ్చు, బాగుచేసి పంపవచ్చు. ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల్లో వాడిన ఈగవర్నమెంట్స్ ఫౌండేషన్ వారి సాఫ్ట్‌వేర్ కూడా జావా, స్ప్రింగ్, హైబర్నేట్‌ల మీద కట్టిందే. ఇంటి పన్ను లెక్క వెనుక కూడా ఈ గుమస్తా ఉండవచ్చన్నమాట.

పేరు ఎందుకు మారింది?

పెద్ద సంస్థల ప్రోగ్రాములకు వాడే ‘జావా ఈఈ’ని ఒరాకిల్ కంపెనీ ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగిస్తున్నట్టు 2017లో ప్రకటించింది. 2018లో దానికి ‘జకార్తా ఈఈ’ అని పేరు పెట్టారు. ‘జావాక్స్’ అనే పాత పేరుతో కొత్త మార్పులు చేయడానికి ఇద్దరి మధ్య ఒప్పందం కుదరలేదు. దాంతో 2020 డిసెంబరులో వచ్చిన జకార్తా ఈఈ 9లో ‘జావాక్స్.పెర్సిస్టెన్స్’ కాస్తా ‘జకార్తా.పెర్సిస్టెన్స్’ అయింది. 2022 మార్చిలో వచ్చిన హైబర్నేట్ 6 ఈ కొత్త పేరునే వాడుతుంది. అదే ఏడాది నవంబరులో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3కు జకార్తా పేర్లతో పాటు కనీసం జావా 17 కూడా కావాలి.

‘పాతదే బాగా నడుస్తోంది కదా, ఎందుకు మార్చాలి?’ అని అడగవచ్చు. స్ప్రింగ్ బూట్ 2.7కు ఉచిత మద్దతు 2023 నవంబరుతో ముగిసింది. ఆ తర్వాత బయటపడే భద్రతా లోపాలకు ఉచితంగా మరమ్మతు రాదు. నలుగురి సమాచారం దాచే ప్రోగ్రామును అలా వదిలేయడం తలుపుకు గొళ్లెం పెట్టకుండా ఊరికి పోవడమే.

కనిపించే తప్పు, కనిపించని తప్పు

పాత పేరు మిగిలిపోతే కంపైలరే వేలు పెట్టి చూపిస్తుంది. ఇది కనిపించే తప్పు. దీనికి భయం లేదు. ఒక్క జాగ్రత్త చాలు: ‘జావాక్స్’ అని ఉన్న ప్రతిదాన్నీ మార్చకూడదు. ‘జావాక్స్.ఎస్‌క్యూఎల్’, ‘జావాక్స్.క్రిప్టో’ వంటివి మూల జావాలోని భాగాలు. వాటి పేరు మారలేదు. మనకు టీజీ వచ్చినంత మాత్రాన ఆంధ్రప్రదేశ్ బండ్లకు ఏపీ పోలేదు కదా!

అసలు ప్రమాదం కనిపించని తప్పుతోనే. ఉదాహరణ చూడండి. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేస్‌లో కొత్త వరుసకు నంబరు ఇచ్చే పనిని పూర్తిగా హైబర్నేట్‌కే వదిలేస్తే, 5వ వెర్షను అన్ని పట్టికలకూ ‘హైబర్నేట్_సీక్వెన్స్’ అనే ఒకే టోకెన్ల పుస్తకం వాడేది. 6వ వెర్షను ఒక్కో రకం ఆబ్జెక్టుకు విడిగా ఒక్కో పుస్తకం వెతుకుతుంది. ప్రోగ్రాము చక్కగా కంపైల్ అవుతుంది. కాని ఆ కొత్త పుస్తకం డేటాబేస్‌లో లేకపోతే నమోదు జరగదు. తొందరపడి 1 నుంచి మొదలుపెట్టి తయారుచేస్తే, అప్పటికే ఇచ్చిన నంబరే మళ్లీ వచ్చి డేటాబేస్ తిప్పికొడుతుంది. ఆ తిరిగిపోయిన వరుస ఒక విద్యార్థి స్కాలర్‌షిప్ దరఖాస్తు అనుకోండి. ఆ రోజే గడువు ఆఖరు అనుకోండి. మన అజాగ్రత్తకు నష్టపోయేది మనం ఎన్నడూ చూడని మనిషి.

పరిష్కారం రెండు విధాలు. పాత పద్ధతినే ఉంచమని చెప్పే సెట్టింగు హైబర్నేట్ 6లో ఉంది, దాన్ని పెట్టుకోవచ్చు. లేదా కొత్త సీక్వెన్స్‌ను పట్టికలోని అతి పెద్ద నంబరు కంటే కనీసం 50 ఎక్కువైన నంబరు నుంచి మొదలుపెట్టవచ్చు. అయితే హైబర్నేట్ మామూలుగా ఒక్కసారికి 50 నంబర్లు తీసుకుపోతుంది కాబట్టి సీక్వెన్స్ పెరుగుదల కూడా 50 ఉండాలి.

పని చేసే వరుస

1. ముందు డేటాబేస్‌కు నకలు తీయండి. పనంతా నకలు మీదే చేయండి.

2. పాత వెర్షను ఉండగానే పరీక్షలు రాయండి. చేర్చడం, వెతకడం, దిద్దడం, తీసేయడం అన్నిటికీ ఫలితాలు రాసిపెట్టుకోండి. ముందు ఎలా ఉండేదో తెలియకపోతే తర్వాత చెడిందో లేదో చెప్పలేం.

3. ఒక్కసారే దూకవద్దు. మొదట 5లోనే చివరిదైన 5.6కు, జావా 17కు రండి. ‘ఇది పాతబడింది’ అనే హెచ్చరికలన్నీ తీర్చండి. ముఖ్యంగా హైబర్నేట్ సొంత పాత క్రైటీరియా పద్ధతి 6లో లేదు. దానితో రాసిన ప్రశ్నలను తిరగరాయాలి.

4. ఆ తర్వాతే 6కు మారి జకార్తా పేర్లు పెట్టండి. ఈ పేర్ల మార్పుకు ఓపెన్‌రీరైట్ అనే ఉచిత సాధనం సాయపడుతుంది.

5. 2వ మెట్టులోని పరీక్షలు మళ్లీ నడపండి. హైబర్నేట్ పంపే ఎస్‌క్యూఎల్‌ను తెర మీద చూసి పాతదానితో పోల్చండి.

ప్రతి మెట్టునూ గిట్‌లో విడిగా భద్రపరచండి. ఎక్కడ చెడినా ఒక్క మెట్టే వెనక్కి దిగితే సరిపోతుంది.

చివరగా ఒక మాట. హైబర్నేట్ వారు ప్రతి వెర్షనుకూ ఏమేం మారాయో చెప్పే మార్గదర్శిని ఇస్తారు. అది ఇంగ్లీషులోనే ఉంటుంది. తెలుగు మీడియంలో చదివిన వాళ్లం కదా అని వెనక్కి తగ్గకండి. రోజుకు ఒక పేజీ చదివి, అర్థమైనది తెలుగులో నోటుబుక్కులో రాసుకోండి. ఈ పనికి కావలసింది పెట్టుబడి కాదు, ఓపిక. తెల్లవారుజామున లేచి స్టడీ అవర్‌లో కూర్చునే మనకు అది కొత్త కాదు.

అభ్యాసం: (1) ప్రవేశ రిజిస్టరు నమూనాతో ‘విద్యార్థి’ పట్టిక ఒకటి తయారుచేసి హైబర్నేట్ 5.6తో పది పేర్లు చేర్చండి. (2) దాన్ని 6కు మార్చి పదకొండో పేరు చేర్చండి. (3) ఏ నంబరు వచ్చింది? రాకపోతే ఎందుకు రాలేదు? కారణం రాసి మీ తోటివారికి వివరించండి.