జిప్సీ లాగట్లేదంటే ముందు ఏం చూడాలి?

"అన్నా, బండి లాగట్లేదు. ఏదో ఒకటి చేసి పవర్ పెంచు" అంటూ కస్టమర్ జిప్సీ తెచ్చి షెడ్డు ముందు ఆపుతాడు. వెంటనే కామ్‌షాఫ్ట్ గురించో, పెద్ద సైలెన్సర్ గురించో మొదలుపెట్టకండి. ముందు ఒకటే అడగండి: లాగనిది కొన్నప్పటి నుంచా, ఈ మధ్యేనా, టైర్లు మార్చిన దగ్గర్నుంచా? మీ పని ఎటు వెళ్లాలో ఆ జవాబే చెబుతుంది.

ఈ మధ్యే అంటే, ఉన్న బలం ఎక్కడో పోతోందన్నమాట. ఎంపీఎఫ్ఐ జిప్సీ కింగ్‌లో ఉన్నది 1298 సీసీ పెట్రోల్ ఇంజన్. కొత్తలో 80 హార్స్‌పవర్ ఇచ్చేది. ఇన్నేళ్లు తిరిగాక అందులో ఎంత మిగిలిందో చూడకుండా కొత్తగా పెంచుదామనుకోవడం వృథా.

పైసా ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టండి. ఇంజన్ ఆపి, హెల్పర్‌ని సీట్లో కూర్చోబెట్టి యాక్సిలరేటర్ నేలకంటా తొక్కమనండి. ఎయిర్ పైపు విప్పి థ్రాటిల్ రేకు చూడండి, అది పూర్తిగా తెరుచుకోవాలి. కేబుల్ సాగిపోయినా, పెడల్ కింద మందపాటి మ్యాట్ అడ్డుపడినా సగంలో ఆగిపోతుంది. అలాంటి బండికి ఎన్ని ప్లగ్గులు మార్చినా లాభం లేదు. తర్వాత నాలుగు చక్రాలూ ఒక్కొక్కటే జాకీ మీద లేపి చేత్తో తిప్పండి. బురదలో తిరిగే బండికి బ్రేకులు పట్టేయడం మామూలే. కస్టమర్ మాత్రం ఇంజన్నే తిడుతుంటాడు. ఎక్కుడులో ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతున్నట్టు.

ఇవన్నీ బాగుంటే అప్పుడు కంప్రెషన్ గేజ్ తీయండి. ఇంజన్ వేడిగా ఉండగా నాలుగు ప్లగ్గులూ విప్పి, పెట్రోలు, కరెంటు రెండూ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి సెల్ఫ్ కొట్టి చూడండి. ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులో, బోరో అరిగినట్టు. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెటో అనుమానించాలి. నాలుగూ సమానంగా తక్కువ చూపిస్తుంటే టైమింగ్ బెల్ట్ ఒక పన్ను తప్పి ఉందేమో చూడండి. ఈ పరీక్షకు డబ్బు అడగడానికి మొహమాటపడకండి. హెడ్ దించే ఖర్చు తప్పించేది అదే.

టైర్లు మార్చాకే అంటే లెక్క కాగితం మీదే తేలిపోతుంది. కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. అందరూ మోజుపడి వేయించే 235/75 ఆర్15 ఎత్తు 733. అంటే దాదాపు 10 శాతం పెద్దది. చక్రం దగ్గర లాగే శక్తి ఇంచుమించు అంతే తగ్గుతుంది. మీటరు 60 చూపిస్తుంటే బండి 66 మీద ఉంటుంది. ఇక్కడ ఇంజన్ తప్పేమీ లేదు. పాత టైరు సైజుకి రావడమో, గేర్ల నిష్పత్తి మార్చడమో చేయాలి.

కొన్నప్పటి నుంచీ ఇంతే అనేవాళ్లలో ఎక్కువమంది డీజిల్ జీపు నడిపి వచ్చినవాళ్లు. పాడేరు, అరకు వైపు ఏజెన్సీ దారుల్లో డీజిల్ బండిని తక్కువ ఆర్‌పీఎంలోనే పై గేరులో లాగించడం అలవాటు. జిప్సీలో ఆ ఆట సాగదు. దాని 103 న్యూటన్ మీటర్ల టార్క్ పూర్తిగా అందేది 4500 ఆర్‌పీఎం దగ్గర. ఇంజన్ గొంతు కాస్త పెరగనివ్వాలి, గేరు త్వరగా మార్చకూడదు. దానికితోడు ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది. అరకు ఎత్తు 900 మీటర్లకు పైనే కాబట్టి, టర్బో లేని ఏ పెట్రోల్ ఇంజన్‌కైనా అక్కడ పదో వంతుకు కాస్త తక్కువ బలం పోతుంది.

అన్నిటికన్నా చవకైన మందు బండిలోనే ఉంది. ట్రాన్స్‌ఫర్ కేసు నిష్పత్తి హైలో 1.409, లోలో 2.268. చిన్న లివర్‌ని ఫోర్-లోకి వేస్తే అదే గేరులో లాగుడు 60 శాతం పెరుగుతుంది. ఏ కామ్‌షాఫ్టూ అంత ఇవ్వదు. చాలామంది ఓనర్లు ఆ లివర్ ముట్టుకోకుండానే బండి అమ్మేస్తారు! రాళ్లు, బురద, ఇసుక ఉన్నచోటే వేయమని చెప్పండి. ఎండిన తారురోడ్డు మీద వేస్తే మలుపుల్లో ముందు, వెనక యాక్సిళ్లు ఒకదాన్నొకటి బిగబట్టి గేర్లు పాడవుతాయి.

ఇంత చెప్పినా నిజంగానే ఇంజన్ బలం కావాలనే కస్టమర్ ఉంటాడు. బయటికి కనిపించే కోన్ ఫిల్టర్ పెట్టమంటే వద్దనండి. అది బానెట్ కింది వేడి గాలిని పీలుస్తుంది, వాగు దాటేటప్పుడు నీళ్లూ పీలుస్తుంది. నీళ్లు సిలిండర్లోకి పోతే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. పెద్ద సైలెన్సర్ వల్ల పైన కాస్త పెరిగినా, కింది ఆర్‌పీఎంలో లాగుడు తగ్గే అవకాశమే ఎక్కువ. కొండ మీద కావాల్సింది ఆ కింది లాగుడే.

నిజంగా తేడా తెలిసేది పాత బలేనో 1590 సీసీ ఇంజన్ దించినప్పుడు. ఆ పని ఒప్పుకునే ముందు ఆర్సీ చేతిలోకి తీసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి అసలు స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఓనరుకు ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇంజన్ నంబరు ఆర్సీతో సరిపోకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గరా పేచీ వస్తుంది. ఆర్టీఏ అనుమతి కాగితం తెచ్చాకే ఇంజన్ దించుతానని మొహం మీదే చెప్పండి.

పని ఏదైనా, బండి ఇచ్చేముందు ఓనర్ని పక్కన కూర్చోబెట్టుకుని, రిపేరుకు ముందు ఎక్కించిన ఎక్కుడులోనే, అదే గేరులో, అంతే బరువుతో మళ్లీ ఎక్కించండి. రెండుసార్లూ పట్టిన సమయం జాబ్ కార్డులో రాసి, సంతకం తీసుకున్నాకే తాళం ఇవ్వండి.