డిగ్రీ చదువులోనే పరిశోధన



పరిశోధన అనగానే అది పిహెచ్‌డి చేసేవాళ్ల పని, మనకెందుకులే అనుకుంటాం. ఈ హాస్టల్లోనే ట్రంకుపెట్టె పక్కన చాప పరుచుకుని చదివిన నేనూ అలాగే అనుకున్నాను. డిగ్రీ రెండో ఏట ఒకరోజు మా ఫిజిక్సు మాస్టారిని, "మా ఊళ్లో వాన పడితే పక్కూళ్లో పడదు, ఎందుకు సార్?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. "ముందు ఎంత పడుతోందో కొలువు" అన్నారు.

అడుగూ మూతీ ఒకే వెడల్పున్న డబ్బా ఒకటి, స్కేలు ఒకటి. అదే మా ప్రయోగశాల. హాస్టల్ మేడ మీద గోడగానీ చెట్టుగానీ అడ్డం లేనిచోట డబ్బా పెట్టి, రోజూ ఉదయం 8.30కి, అంటే వాతావరణ శాఖవారు కొలిచే వేళకే, నీళ్ల ఎత్తు రాసి పారబోయాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలమంతా రాశాను. మధ్యలో పరీక్షలొచ్చి ఐదు రోజులు మేడ ఎక్కలేదు. ఆ ఐదు గళ్లలో సున్నాలు పెట్టేశాను.

మాస్టారు నోటుపుస్తకం తిరగేసి, ఆ వారం పేపర్లో వచ్చిన తిరుపతి వర్షపాతం చూపించారు. రెండు రోజులు మంచి వాన! నాకు తల కొట్టేసినట్లయింది. "సున్నా అంటే వాన పడలేదని. నువ్వు చూడలేదని కాదు. చూడనిచోట గీత పెట్టు" అన్నారు. తిట్టలేదు. ఐదు సున్నాలూ నా చేతనే కొట్టేయించారు. ఒక్క డబ్బాతో నా ప్రశ్నకు జవాబు రాదనీ, పక్కూళ్లో కూడా ఒకటి ఉండాలనీ మూడు నెలల తర్వాత నాకే తట్టింది. అది ఆయనకు మొదటిరోజే తెలుసు. చెప్పలేదు.

పుస్తకంలో ఉన్నది ఎలాగైనా చదువుకోవచ్చు. మన లెక్కను నమ్మకుండా ఒకసారి చూసే మనిషి దొరకడమే కష్టం. తయారు ప్రాజెక్టు కొని అట్ట మీద పేరు మార్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు మార్కులొస్తాయి, కాదనను.

ఇప్పుడు మనకు దారులు ఎక్కువే. తిరుపతి–చిత్తూరు రోడ్డు మీది గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి పెద్ద రాడారుకు 1024 యాంటెనాలు. 1990ల నుంచి మన నెత్తిమీది గాలులను కొలుస్తోంది. 2015లో మొదలైన తిరుపతి ఐసర్‌లో బిఎస్-ఎంఎస్ పిల్లలు ఐదో ఏడు ఒక అధ్యాపకుడి దగ్గర పరిశోధన చేస్తారు. మామూలు డిగ్రీవాళ్ల సంగతికొస్తే, యుజిసి 2022 డిసెంబరులో ప్రకటించిన నాలుగేళ్ల డిగ్రీ విధానంలో, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవారు నాలుగో ఏట పరిశోధన ఎంచుకోవచ్చు.

వేసవి సెలవులంటే మనలో చాలామందికి మామిడితోటల్లో కూలి, లేకుంటే బెంగళూరులో పని. ఇంటికి ఆ డబ్బు కావాలి. అందుకని ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు జాతీయ సైన్సు అకాడమీలు కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తాయి. ఎంపికైతే రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని, నెలనెలా భృతి. దరఖాస్తుకు మీ అధ్యాపకుడి సిఫారసు ఉత్తరం కావాలి. మీరేం చేయదలచారో ఒక పేజీలోపు మీరే రాయాలి. గడువు వేసవికి చాలా నెలల ముందే ముగుస్తుంది. ఏప్రిల్లో అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు.

మాస్టారి దగ్గరికి పోయి "ప్రాజెక్టు ఇవ్వండి సార్" అనకండి. వేరుశనగ ఆకు మీద మచ్చలో, ఊరి బోరు నీళ్ల రుచో, మీరు చూసిన సంగతి ఒకటి చెప్పి, ఎన్నాళ్లుగా చూస్తున్నారో చెప్పండి. ఒకరు తీరిక లేదంటే ఇంకొకరిని అడగండి. నేనూ ఇద్దరిని అడిగాకే మా మాస్టారి దగ్గరికి చేరాను.

మేడ మీద డబ్బా పెట్టదలచినవాళ్లు వార్డెన్‌గారిని అడిగి పెట్టండి. నీళ్ల ట్యాంకు పక్కన మాత్రం వద్దు. ట్యాంకు పొర్లి, మంచి ఎండరోజు నాకు 40 మిల్లీమీటర్ల వాన పడింది.