ఆపరేటింగ్ సిస్టమ్ స్థాపన – యాంత్రిక పరీక్షల ప్రణాళిక

ఆపరేటింగ్ సిస్టమ్ గుణదోషాలను విచారించేవారు సాధారణంగా అది నడిచే తీరును గురించి మాట్లాడుతారు. అది యంత్రంలోనికి ఏ మార్గాన ప్రవేశించిందన్న ప్రశ్న మాత్రం వెనుకబడిపోతుంది. మేమూ ఆ పొరపాటు చేసినవారమే.

రెండేళ్ల క్రితం ప్రయోగశాలలోని కంప్యూటర్లలో లినక్స్ స్థాపించదలచి, ముందుగా ఒక యంత్రంపై పెన్‌డ్రైవుతో ప్రయత్నించాము. పని నిర్విఘ్నంగా ముగిసింది. ఆ ధైర్యంతో తక్కినవాటికి నెట్‌వర్కు ద్వారా, ముందే వ్రాసి ఉంచిన జవాబుల ఫైలుతో స్థాపన సాగించాము. అన్ని తెరలపైనా పని పూర్తయినదన్న సందేశం కనిపించింది. తిరిగి ఆన్ చేయగా కొన్ని యంత్రాలు నల్లని తెరతో నిలిచిపోయాయి. మరునాడే ప్రాక్టికల్ పరీక్ష! ఆ రాత్రి పడిన పాట్లు ఇక్కడ వర్ణించనవసరం లేదు. నిలిచిపోయిన యంత్రాలన్నిటిలోను రెండేసి డిస్కులున్నాయి. మా ఫైలు బూట్‌లోడరును రెండవ డిస్కుపై వ్రాయించగా, యంత్రం దానిని మొదటి డిస్కులో వెదికింది. దోషం మాదే. ఒక మార్గాన్ని పరీక్షించి వేరొక మార్గాన నడిచాము.

స్థాపనకు మార్గాలెన్ని? యంత్రం డీవీడీతోగాని, పెన్‌డ్రైవుతోగాని, నెట్‌వర్కుతోగాని మొదలు కావచ్చు. ప్యాకేజీలు ఆ సాధనంలోనే ఉండవచ్చు, హెచ్‌టీటీపీ సర్వరునుండి రావచ్చు, ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా రావచ్చు. డిస్కు ఖాళీది కావచ్చు, మరొక వ్యవస్థ ఉన్నది కావచ్చు, లేదా రెండు డిస్కులుండవచ్చు. ప్రశ్నలకు మనిషి బొమ్మల తెరపై జవాబివ్వవచ్చు, అక్షరాల తెరపై ఇవ్వవచ్చు, లేదా ఫైలే ఇవ్వవచ్చు. నాలుగు అంశాలు, ఒక్కొక్కదానికి మూడు రూపాలు. వెరసి 81 మార్గాలు. భాష, కీబోర్డు, పాత వ్యవస్థను కొత్తదిగా మార్చుట ఇందులో చేర్చనే లేదు. ప్రతి కొత్త విడుదలకు ఇన్నిసార్లు కూర్చుని మీటలు నొక్కే ఓపిక ఎవరికుంటుంది?

ఈ చిక్కుకు ఉపాయం గణాంకశాస్త్రంలో ఉన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1940లలో ఆర్థోగొనల్ ఎరేలు అనే అమరికలను ప్రవేశపెట్టారు. ఏ రెండు అంశాలను తీసుకున్నా వాటి రూపాల జంటలన్నీ సమానంగా వచ్చేలా కొద్దిపాటి ప్రయోగాలను ఎంచుకోవడమే అందలి కిటుకు. పైన చెప్పిన 81 మార్గాలలో 9 చాలు. ప్రతి జంటా ఒక్కసారి తప్పక వస్తుంది. మా ప్రయోగశాలలో బయటపడిన లోపం కూడా ‘జవాబుల ఫైలు, రెండు డిస్కులు’ అనే జంటలోనిదే. ఆ తొమ్మిదింటిని ముందే నడిపి ఉంటే ఒకదానిలోనైనా దొరికేది.

అయితే పట్టికను గుడ్డిగా నమ్మరాదు. నెట్‌వర్కుతో మొదలైన యంత్రానికి ‘ప్యాకేజీలు అదే డీవీడీలో’ అన్న రూపం అర్థంలేనిది. అటువంటి వరుసలను తొలగిస్తే వాటితోపాటు కొన్ని జంటలు జారిపోతాయి. వాటికోసం వేరే వరుసలు చేర్చాలి. మూడు అంశాలు కలిస్తేనే బయటపడే లోపాలకు ఈ తొమ్మిది చాలవు. ఎక్కడ ఆపాలన్నది మనిషి నిర్ణయించవలసినదే.

నిర్ణయించినదానిని నడిపే పని యంత్రానికి అప్పగించవచ్చు. ఫెడోరా, రెడ్‌హ్యాట్ వ్యవస్థల ఇన్‌స్టాలరైన అనకొండ, కిక్‌స్టార్ట్ అనే ఫైలునుండి జవాబులు చదువుకుంటుంది. కాని ఫైలుతో చేసిన పరీక్ష, మనిషి చూసే తెరలను చూడదు. సూసే వారి వద్ద పుట్టిన ఓపెన్‌క్యూఏ ఆ కొరత తీర్చింది. ఫెడోరా వారూ దానిని వాడుతున్నారు. అది కల్పిత యంత్రంలో ఇన్‌స్టాలరును నడిపి, మీటలు తానే నొక్కి, తెరను బొమ్మగా తీసి, దాచి ఉంచిన నమూనాతో పోలుస్తుంది. తెర రూపం మారితే మాత్రం నమూనాలు పనికిరావు, మళ్లీ తీసుకోవాలి. ఆ మార్పు ఒక్కొక్కప్పుడు చిన్నది కాదు. అనకొండ తెరలను సమూలంగా తిరిగి వ్రాసిన కాలంలో, 2012 నవంబరులో రావలసిన ఫెడోరా 18, 2013 జనవరిలోగాని రాలేదు.

మాబోటి భాషోపాధ్యాయులకు మరొక సందేహం కలుగుతుంది. ఇంగ్లీషు తెరలతోనే పరీక్షిస్తే తెలుగు ఎంచుకున్న విద్యార్థి గతి ఏమిటి? డెబియన్ ఇన్‌స్టాలరులో తెలుగు బొమ్మల తెరపైనే లభిస్తుంది. గుణింతాలను, ఒత్తులను కూర్చే శక్తి అక్షరాల తెరకు లేదు. అందుచేత భాషను అలంకారంగా భావించక, పట్టికలో ఒక అంశంగా చేర్చవలెనని మా అభిప్రాయం.

మా ప్రణాళికలో ‘పూర్తయినది’ అన్న సందేశానికి మార్కులు లేవు. పెన్‌డ్రైవు తీసి, నెట్‌వర్కు కేబులు ఊడదీసి, యంత్రాన్ని తిరిగి ఆన్ చేయాలి. కొత్త పేరుతో లోపలికి ప్రవేశించి తెలుగులో ఒక వాక్యం, కుడినుండి ఎడమకు ఉర్దూలో ఒక వాక్యం వ్రాసి దాచాలి. మళ్లీ ఆర్పి, వెలిగించి ఆ రెండూ చదవగలిగితేనే ఉత్తీర్ణత. మొదటి పరీక్షలు కల్పిత యంత్రాలపై సాగుతాయి. తరువాత రెండు డిస్కులున్న పాత యంత్రాలు రెండింటిపై అవే తొమ్మిది వరుసలు నడపాలని సంకల్పించాము. ఆ రెండింటినీ ఈ యేడు పాతసామానుకింద అమ్మివేయవద్దని కళాశాల కమిటీవారికి మనవి.