నాలుగు కోళ్లు ఒక్కసారే పొదుగుకొస్తే

దెగ్లూరు,
కార్తీక మాసం

బిడ్డా,

మొన్న ధర్మాబాదు అంగట్లోంచి నువ్వు ఫోన్ చేసినప్పుడు ఆ గోలలో సగం మాటలే వినపడ్డాయి. నాలుగు పెట్టలు వారం తిరక్కముందే పొదుగుకొచ్చాయనీ, నాలుగూ ఒక్క గంపలోకే ఎక్కుతున్నాయనీ, దించబోతే చెయ్యి పొడుస్తున్నాయనీ అర్థమైంది. ఇలాంటివి ఫోన్లో చెబితే సగం మరిచిపోతారు, అందుకే రాస్తున్నా. పత్తి ఏరుడు రోజులు, నీకు క్షణం తీరదని తెలుసు. అయినా ఇది కూర్చుని చదువు.

నాలుగు కోళ్లు పొదుగుకొచ్చాయి కదా అని నాలుగింటినీ పొదగెయ్యాలని లేదు. ఏది పొదగాలో నువ్వే తేల్చు. పొదగేసేవాటిని మాత్రం అన్నిటినీ ఒకే సాయంత్రం పొదగెయ్యి. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే, మిగతా పని ఆ ఒక్క సాయంత్రాన్ని పట్టుకునే నడుస్తుంది.

ఇప్పుడు ఆ గంపలో ఏం జరుగుతోందో చూడు. రెండు కోళ్లు ఒత్తుకుని కూర్చుంటాయి. మధ్యలో గుడ్డు పెట్టే పెట్ట ఒకటి వచ్చి ఇంకో గుడ్డు కలిపి పోతుంది. ఒక గుడ్డుకు పొదుగు మొదలై పది రోజులు, దాని పక్కది నిన్నటిది. ఇరవై ఒకటో రోజుకు మొదటి పిల్లలు బయటపడతాయి. వాటి కిచకిచలు వినగానే తల్లి గంప దిగి పిల్లల వెంట పోతుంది. ఈకలు కూడా వచ్చేసిన మిగతా పిల్లలు పెంకులోనే చల్లబడి చస్తాయి. రెండో కోడి ఉంది కదా అంటావేమో. దానికీ ఆ కిచకిచలే వినపడతాయి, అదీ దిగుతుంది. పిల్లల కోసం రెండూ తన్నుకుంటాయి, కాళ్ల కింద నలిగేది పిల్లలు.

అందుకని ఆ గంపలోని గుడ్లను రాత్రి టార్చి వెలుగులో చూడు. నెత్తురు నరాలు కనిపించినవి ఉంటే ఒక కోడి కింద వేరుగా పెట్టి దాని మానాన దాన్ని వదిలెయ్యి. ఎప్పటివో తెలియని తక్కినవి తీసెయ్యి. కోళ్లు ఊరుకోవు, అందుకే ఒక్కోదాని కింద రెండు మూడు ఉత్తుత్తి గుడ్లు, అంటే మురిగినవో గుండ్రటి రాళ్లో పెట్టు. మంచి గుడ్లు కూడేదాకా అవి ఆ రాళ్ల మీదే ఓపిగ్గా కూర్చుంటాయి. ఈ నాలుగైదు రోజుల్లో ఏది నిలకడగా ఉందో నీకే తెలుస్తుంది.

ఎంచుకునేటప్పుడు పొట్ట కింద చెయ్యి పెట్టి చూడు. నిజంగా పొదుగుకొచ్చిన కోడికి రొమ్ము కింది ఈకలు రాలిపోయి, చర్మం నున్నగా, జ్వరమొచ్చిన పసిపిల్ల నుదురులా కాలుతూ తగులుతుంది. ఈకలు ఉబ్బించి గుర్రుమంటుంది గానీ లేవదు. రాత్రిపూట కూడా గూటికి పోదు. బక్కచిక్కినదాన్నీ, పేలు పట్టినదాన్నీ పొదగెయ్యకు. మూడు వారాలు అది అరకొర తిండితో ఒళ్లు కరిగించుకుంటుంది, బలహీనమైనది మధ్యలోనే లేచిపోతుంది.

వద్దనుకున్న కోడికి పొదుగు మాన్పించాలి. ముక్కులో ఈక గుచ్చడం, నీళ్లలో ముంచడం, కాళ్లు కట్టి ఎండలో పడెయ్యడం మన పల్లెల్లో ఇంకా చూస్తున్నా. నా ప్రాణం విలవిల్లాడుతుంది. ఆ పాపం మనకెందుకు? పొట్ట కింద గాలి ఆడితే చాలు. అడుగున జాలీ ఉన్న పెట్టెను రెండు ఇటుకల మీద ఎత్తి, వెలుతురున్న చోట నీడలో పెట్టు. గడ్డి వెయ్యకు, తిండీ నీళ్లూ పెట్టు. మూడు నాలుగు రోజుల్లో దిగుతుంది, కొన్నాళ్లకు మళ్లీ గుడ్డుకొస్తుంది. లేదా మీ బచత్ గట్‌లో, అదే పొదుపు సంఘంలో, కోడి లేని ఆమె ఎవరైనా ఉంటే సగం పాలుకు ఇవ్వు. కోడీ గుడ్లూ నీవి, సాకేది ఆమె, పిల్లలు చెరి సగం.

గుడ్లు వారంలోపువే కావాలి. ఇది చలికాలం కాబట్టి వారం, మన దిక్కు ఎండాకాలమైతే అన్నాళ్లు ఆగవు. కడగొద్దు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. మరీ పెద్దవి, మరీ చిన్నవి, గరుకు పెంకువి పక్కన పెట్టు. మీ గట్‌లో వాళ్లు వనరాజా, గ్రామప్రియ పెంచుతున్నారన్నావు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకాలవి. గుడ్లు బాగా పెడతాయి గానీ పొదుగుకు కూర్చోవు. పుంజుతో తిరిగిన పెట్టల గుడ్లయితే మన నాటుకోడి కింద పెట్టొచ్చు. పిల్లలు అచ్చం తల్లుల్లా రావు, అది ముందే తెలుసుకో. మంచి జాతి పిల్లలు కావాలంటే సగరోళి కృషి విజ్ఞాన కేంద్రంలో అడుగు, నీకు దగ్గరే.

గుడ్లన్నిటి మీదా పెన్సిల్‌తో గుర్తు గియ్యి. తర్వాత ఏ పెట్టయినా దొంగతనంగా గుడ్డు పెట్టిపోతే గుర్తు లేని దాన్ని అదే రోజు తీసెయ్యొచ్చు. చీకటి పడ్డాక ఒక్కో కోడి కింద పది పన్నెండు గుడ్లు పెట్టు. గంప అడుగున మట్టి, పైన వరిగడ్డి, గడ్డిలో కొంచెం బూడిద, వేపాకు, సీతాఫలం ఆకు వేస్తే పేలు దరిచేరవు. ఒకదానికొకటి కనపడకుండా మధ్యలో తడకో గోనెపట్టానో కట్టు. రోజుకు ఒకసారి పావుగంట సేపు బయటికి వదులు, ఒకటి లోపలికి వెళ్లాకే ఇంకొకటి. రెండూ కలిసి దిగితే రెండూ ఒకే గంపలోకి ఎక్కి రెండో గంప చల్లబడుతుంది. తిండికి జొన్నలు పెట్టు, తడి తవుడు పెడితే పారుకుని గుడ్లన్నీ పాడు చేస్తుంది.

ఈజిప్టులో పూర్వం మట్టి గదుల్లో పొయ్యి వేడితో వేల గుడ్లు పొదిగించేవాళ్లు. థర్మామీటరు లేదు, గుడ్డును కంటిరెప్పకు ఆనించి వేడి చూసుకునేవాళ్లు. తరతరాల పనితనమది. మనకు ఆ కష్టం లేకుండా గుడ్లను తిప్పేదీ, వేడి చూసుకునేదీ కోడే. దాన్ని మాటిమాటికీ లేపకుండా ఉండటమే మన పని.

ఏడో రోజు రాత్రి మళ్లీ టార్చి పట్టు. ఒకే రోజు పొదగేసిన మేలు ఇక్కడ కనపడుతుంది. మూడు కోళ్ల కింద ముప్ఫై ఆరు గుడ్లు పెట్టావనుకో. వెలుగులో పన్నెండు వట్టివిగా, ఖాళీగా మెరుస్తూ కనిపించాయి. తక్కిన ఇరవై నాలుగింటిలో నల్లటి చుక్క, దాని చుట్టూ ఎర్రటి నరాలు. అన్నిటి వయసూ ఒకటే కనుక ఆ ఇరవై నాలుగింటినీ రెండు కోళ్ల కింద సర్దెయ్యొచ్చు. మూడోదానికి రెండు వారాల శ్రమ తప్పుతుంది. వేర్వేరు రోజుల్లో పెట్టి ఉంటే ఈ సర్దుబాటు కుదరదు, అరగంప మీద మూడు కోళ్లూ కూర్చునే ఉంటాయి.

పద్దెనిమిదో రోజు దాటాక గుడ్లు ముట్టకు. పంతొమ్మిది, ఇరవై రోజులకు గంప దగ్గర చెవి పెట్టి వింటే పెంకు లోపల పిల్ల అరుపు వినపడుతుంది, తల్లి లోగొంతుతో దానికి బదులిస్తుంది. తర్వాత పెంకు మీద ఒకచోట చిన్న పగులు, అందులోంచి ముక్కు కొస. ఆ కొస మీద తెల్లటి గట్టి చుక్క ఉంటుంది, పిల్ల పెంకు కోసేది దాంతోనే. పగులు పడ్డాక గంటలకొద్దీ కదలిక ఉండదు. నీ చెయ్యి ఊరుకోదు, పెంకు ఒలిచేద్దామనిపిస్తుంది. ఒలవకు. లోపల నరాల్లో నెత్తురు ఇంకాలి, మిగిలిన పచ్చసొన కడుపులోకి పోవాలి. ఆ సొనే బయటికొచ్చాక రెండు రోజులు దానికి ఆహారం. మొదటి రోజు నూకలు తినలేదని కంగారు పడకు.

ఒక కోడి కింద ఐదు, ఇంకోదాని కింద తొమ్మిది లేచాయనుకో. మొదటి రెండు రోజుల్లోనే, రాత్రి చీకట్లో, ఐదింటినీ తొమ్మిది పిల్లల తల్లి రెక్కల కిందికి మెల్లగా జరుపు. తెల్లవారేసరికి అన్నీ దానివే. నాలుగైదు రోజులు దాటాయంటే తల్లి తన పిల్లలను గుర్తుపడుతుంది, పరాయి పిల్ల కనపడితే నెత్తి మీద పొడిచి చంపుతుంది. ఈ చలికి ఒక తల్లికి పన్నెండు, మహా అయితే పదిహేను. అంతకు మించితే రెక్క కిందికి రానివి బయట వణికి పోతాయి. పిల్లల తల్లులు రెండున్నా కొన్నాళ్లు వేర్వేరు గంపల కిందే ఉంచు.

ఆ తర్వాత మూడు వారాలు గద్ద కాలం. వాకిట్లో వదిలితే లెక్క రోజుకొకటి తగ్గుతుంది. తల్లితో సహా గంప కింద మూసి, ఎండ ఏటవాలుగా పడే చోట పెట్టు. వదిలినా కంది చేను పక్కనే వదులు, నీడ కనపడగానే తల్లి అరిస్తే పిల్లలు మొక్కల కింద దూరతాయి. రాత్రి భయం వేరు, పిల్లి, ముంగిస, పందికొక్కు, పాము. గూటికి కోళ్ల జాలీ చాలదు, దాని కంతల్లోంచి పాము దూరుతుంది. అర అంగుళం కంతల వెల్డుమెష్ కొట్టించు, కింద రాళ్లు పరుచు.

నీళ్లు లోతులేని మూకుడులో పోసి నాలుగు గులకరాళ్లు వెయ్యి, లేకపోతే పిల్లలు మునిగిపోతాయి. తిండికి జొన్న నూక, స్టార్టర్ దాణా. చెదలు ఇంకా మంచివి. కుండలో తడి పేడ, చిరిగిన గోనె కుక్కి, చెదలున్న నేల మీద సాయంత్రం బోర్లించు, పొద్దున ఎత్తితే పిల్లలకు సరిపడా చెదలుంటాయి. మందు పూసిన రంగు విత్తనాలు, సోయాబీనువి గానీ పత్తివి గానీ, ఇంట్లో ఎక్కడా చల్లి ఉంచొద్దు. ఒక్క గుప్పెడు గంపెడు కోళ్లను మింగుతుంది.

ఏడో రోజున కొక్కెర తెగులు టీకా. డాక్టర్లు రాణీఖేత్ అంటారు, మీ పక్కింటి మరాఠీవాళ్లు మానమోడీ అంటారు. లాసోటా మందు, కంట్లో ఒక చుక్క. నాలుగో వారంలో మళ్లీ వేయించు, రెండు నెలలకు రెక్క కింద సూది. ఒక సీసాలో ఎక్కువ మోతాదులుంటాయి, కలిపిన రెండు గంటల్లోపు వాడేయాలి, మిగిలింది పారబోయాల్సిందే. మీ వాడకట్టులో అందరూ ఒకే రోజు పొదగేస్తే ఒకే రోజు టీకా వేయించుకోవచ్చు, ఒక్క సీసా అందరికీ సరిపోతుంది. ఐసు డబ్బాలో తెచ్చుకునేందుకు గట్‌లో ఒకరిని పెట్టండి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. నీ పిల్లలు లేచే రోజులకే మాళెగావ్ ఖండోబా జాతర వస్తుంది. మీ ఆయన అక్కడ పుంజు చూశాడంటే కొనక మానడు. కొన్నా సరే, పదిహేను రోజులు దాన్ని వేరే చోట కట్టు, దాన్ని ముట్టిన చేతులతో పిల్లల దగ్గరికి పోవద్దు. 2021 జనవరిలో మన పక్క పర్భణీ జిల్లా మురుంబాలో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లు కుప్పలుగా చచ్చాయి. చుట్టుపక్కల వాటినీ చంపి పూడ్చాల్సి వచ్చింది. కారణం తెలియకుండా రెండు మూడు కోళ్లు ఒక్కసారి చస్తే దాచకు, అంగట్లో అమ్మకు, పశువుల దవాఖానాలో చెప్పు. నీ కోళ్లే కాదు, వాడకట్టంతా కోళ్లున్నాయి.

ఏ సాయంత్రం పొదగేశావో తారీఖు రాసి పంపు. ఏడో రోజు వట్టివి ఎన్ని తేలాయో కూడా చెప్పు. ఎక్కువ తేలితే పుంజులో లోపముందో, గుడ్లు పాతబడ్డాయో చూద్దాం. మీ అత్తగారికి నమస్కారాలు.

ఇట్లు,
మీ పెద్దమ్మ