ఆవు వైద్యానికి గొలుసు తాకట్టు

మాది వజ్రపుకొత్తూరు మండలం. రెండు జెర్సీ ఆవులున్నాయి. మా ఆయన హైదరాబాదులో బిల్డింగు పనికి వెళ్తారు. అత్తమ్మకు కిడ్నీ జబ్బు, డయాలసిస్‌కి పలాస తిప్పుతుంటాను. మొన్న వేసవిలో ఒక ఆవు తాడు తెంచుకుని తోటలో రాలిన పనసపండ్లు తినేసింది. రాత్రికి కడుపుబ్బి కూలబడింది. చేతిలో 500 రూపాయలే ఉన్నాయి. అప్పు పుట్టక తెల్లారేదాకా ఆగాను. పొద్దున్న ప్రైవేటు డాక్టరుగారు వచ్చి సెలైన్లు ఎక్కించి బతికించారు. మందులు, బండి ఖర్చు కలిపి 7 వేలయింది. గొలుసు తాకట్టు పెట్టి, నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చాను. రెండో ఆవు వచ్చే నెల ఈనుతుంది. బీమా చేయిస్తే ఈ ఖర్చులు వస్తాయా? మా ఆయన ఆవుల్ని అమ్మేయమంటున్నారు.
– ఒక పాడి రైతు

అమ్మా,

7 వేల ఖర్చు కంటే తెల్లారేదాకా ఆగారన్న మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఎక్కువగా తిన్న పనసపండ్లు ఆవు పొట్టలో పులిసి ఆమ్లం పెరిగిపోతుంది. గంట గడిచేకొద్దీ బతికే ఆశ తగ్గుతుంది. ఈనిన రెండు మూడు రోజుల్లో వచ్చే పాలజ్వరమూ అంతే. ఆవు ఒళ్లు చల్లబడి, మెడ డొక్కవైపు తిప్పుకుని పడుకుంటే డాక్టరు నరంలోకి క్యాల్షియం ఎక్కించాలి. వేళకు అందితే చాలా ఆవులు కొద్ది గంటల్లోనే లేచి నిలబడతాయి. అలా పడిపోయిన ఆవుకు నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బీమా తప్పక చేయించండి. కానీ అది ప్రధానంగా పశువు చనిపోతే ఇచ్చే పరిహారం, వైద్యం ఖర్చు అందులో రాదు. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ నిబంధనలు 2024లో మారాక ప్రీమియంలో రైతు వాటా 15 శాతమే, మిగతాది కేంద్రం, రాష్ట్రం భరిస్తాయి. చెవికి ట్యాగు ఉండాలి. పశువు పోతే డాక్టరు వచ్చి చూడకముందు పాతిపెట్టకూడదు. మీ రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడిని ఈ వారమే కలవండి. ఈనబోయే ఆవు కూడా బీమాకు పనికొస్తుందా, ఎప్పటి నుంచి వర్తిస్తుంది అని గట్టిగా అడగండి.

వైద్యానికి మాత్రం వేరే సొమ్ము ఉండాలి. రోజుకో లీటరు పాల ధర ఆవుల పేరున పక్కన పెట్టండి. లీటరు 35 రూపాయలు అనుకున్నా నెలకు వెయ్యి దాటుతుంది, పాలిచ్చే పది నెలల్లో పది వేలు. పాల బిల్లు చేతికి రాగానే అది తీసి మీ డ్వాక్రా సంఘం పొదుపులోనో, పోస్టాఫీసులోనో వేయండి. ఇంట్లో ఉంచకండి. డయాలసిస్ ఉన్న ఇంట్లో డబ్బు ఎటు పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అత్తమ్మకు అవసరమైతే అదే ముందు, అందులో తప్పు లేదు. అందుకే ఆవు సొమ్ము ఆ దారిలో లేకుండా చూసుకోవాలి.

ఆ మొత్తం పోగయ్యేలోపు ఆపద వస్తే? పాడికి కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తారు. పాడి పనులకు 2 లక్షల దాకా తీసుకుని గడువులోగా తిరిగి కడితే వడ్డీ ఏడాదికి 4 శాతం పడుతుంది. మీరు కడుతున్న నూటికి 3 అంటే ఏడాదికి 36 శాతం! కార్డు చేతికి రావడానికి రోజులు పడతాయి కాబట్టి ఆవు పడుకున్నాక బ్యాంకుకు పోతే లాభం లేదు. ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. వచ్చాక ముందు ఆ గొలుసు విడిపించండి.

1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఏ వేళ వరకు వస్తారో ఇప్పుడే అడిగి ఉంచుకోండి. రాత్రికి వచ్చే డాక్టరు ఫోను నంబరు, ఆయన తీసుకునే ఫీజు, బండి దొరికే చోటు గోడమీద రాయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కొబ్బరిచెట్లు కూలి దారులు మూసుకుపోవడం మీ ఊళ్లో అందరికీ గుర్తే ఉంటుంది. అలాంటప్పుడు ఏ డాక్టరూ రాలేరు. అందుకే వానాకాలానికి ముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించండి, గాలికుంటు టీకా కూడా. ప్రభుత్వ పశువైద్యశాలలో అడిగి వేయించుకోండి.

మీ ఆయన మాట కొట్టిపారేయకండి. ఆయన భయమంతా అప్పు గురించే. చూలు ఆవుని ఇప్పుడు అమ్మితే సరైన ధర రాదనీ, పాల డబ్బే పొదుపుకి ఆధారమనీ చెప్పండి. వైద్యానికి ఎంత వరకు పెట్టగలమో ఒక అంకె ఇద్దరూ ముందే అనుకోండి. ఆయన ఈ నెల జీతంలోంచి పంపగలిగింది వెంటనే ఆ పొదుపులో పడితే, ఈనే వేళకి కనీసం డాక్టరు ఫీజుకు తడుముకోనక్కర్లేదు.